వయసైపోయిందిలే అని వదిలేయకండి: మతిమరుపు మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇంట్లో పెద్దవాళ్ల మతిమరుపు గురించే ఉన్నాయి, అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఊరు తప్ప మిగతా వివరాలు తీసేసి, పెద్ద ఉత్తరాల్ని కాస్త కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అత్తయ్యగారికి 71 ఏళ్లు. ఏటా మా ఇంటికే కాదు, ఆడపడుచు వాళ్లింటికి, పక్కింటికి కూడా ఆవకాయ ఆవిడే కలిపేవారు, కొలతలు కూడా చూసేవారు కాదు, అంతా చేతి అంచనాయే. ఈ ఎండాకాలం ఉప్పు రెండుసార్లు వేసేశారు, ఆవపిండి బేసిన్ ముందు కూర్చుని "ఇప్పుడేం వెయ్యాలే" అని నన్నడిగారు. పాలబ్బాయి వచ్చాడా అని పొద్దుట్నించీ అదే ప్రశ్న. మొన్న గాజులు కనపడట్లేదని పనమ్మాయిని దొంగ అనేశారు, తీరా చూస్తే బియ్యం డబ్బాలో దొరికాయి, ఆ అమ్మాయి ఏడ్చుకుంటూ పని మానేసింది. మావారేమో "వయసొచ్చింది, ఛాదస్తం, పట్టించుకోకు" అంటారు. హైదరాబాద్ నుంచి మా మరిది వాళ్లొస్తే మాత్రం చక్కగా మాట్లాడతారు, దాంతో నేనే లేనిపోనివి కల్పించి చెప్తున్నానని వాళ్ల అనుమానం. ఏం చెయ్యమంటారు? (తెనాలి నుంచి ఒక కోడలు)

జవాబు: అమ్మా, మీరు ఏదీ కల్పించట్లేదు. రోజూ కూడా ఉండేవాళ్లకి కనిపించేది రెండ్రోజులుండి వెళ్లేవాళ్లకి కనపడదు, చాలా ఇళ్లలో డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని మతీ, పని చేసుకునే శక్తీ తగ్గిపోయే జబ్బు, ఏడాదీ రెండేళ్లూ ఆలస్యంగా బయటపడేది ఇందుకే. చుట్టాలొస్తే పెద్దవాళ్లు ఉన్న ఓపికంతా కూడదీసుకుంటారు, "బాగున్నారా, పిల్లలేం చదువుతున్నారు, భోంచేసి వెళ్లండి" ఇవన్నీ జీవితమంతా అలవాటైన మాటలు కదా, వాటికి కొత్తగా ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు కాబట్టి గంటసేపు మాట్లాడినా తేడా తెలీదు. మీ మరిదిగారిని ఒక వారం ఉండమనండి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని బజారుకి వెళ్లి డబ్బులు ఆవిడ చేతే ఇప్పించమనండి, ఆయనకే అర్థమవుతుంది.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది గాజులు కాదు, ఆవకాయ. అందరూ పేర్లు మర్చిపోతున్నారా లేదా అనే చూస్తారు. పేరు నోటిదాకా వచ్చి రాకపోవడం, కళ్లజోడు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం, సాయంత్రానికి దానంతటదే గుర్తురావడం, ఇవి వయసుతో ఎవరికైనా వస్తాయి. కానీ నలభై యాభై ఏళ్లుగా చేతికి అబ్బిన పని, ఒకదాని తర్వాత ఒకటి వరసగా చెయ్యాల్సిన పని మధ్యలో తెగిపోతోందంటే అది మామూలు మతిమరుపు కాదు, పనిని వరసలో పెట్టుకునే శక్తి తగ్గుతోందని అర్థం. అది ఒక్కొక్కరిలో ఒక్కోచోట బయటపడుతుంది: చీటీ డబ్బుల లెక్క చూసే ఆవిడకి లెక్క తప్పడం మొదలవుతుంది, జాకెట్లు కుట్టే ఆవిడ చెయ్యి ఎటు అతకాలో తెలీక బట్ట పక్కన పెట్టేస్తుంది, రైతుకి ఏ మడికి మందు కొట్టాడో ఏ మడికి కొట్టలేదో తెలీకుండా పోతుంది. అందుకే నేను ఇంట్లోవాళ్లని ముందు అడిగే ప్రశ్న, ఈవిడ బాగా చేసే పని ఏంటి, అది ఇప్పుడు ఎలా చేస్తున్నారు అని.

ఇంకో తేడా చెప్తాను. పెళ్లికి వెళ్లొచ్చాక అక్కడికి ఎవరెవరొచ్చారో మర్చిపోతే పర్లేదు, అసలు ఆ పెళ్లికి వెళ్లిన సంగతే లేదంటే, మీరు ఫొటో చూపించినా గుర్తురాకపోతే అది వేరే విషయం. అలాగే తెలిసిన వీధిలో మలుపు తప్పడం, వస్తువు పేరు రాక ప్రతిదానికీ "అదే, అది ఉందే" అనడం, రోజూ చూసే సీరియల్‌లో ఎవరు ఎవరో తెలీక టీవీ కట్టేసుకోవడం, నలుగురిలోకి రావడం తగ్గించేసి మూలన కూర్చోవడం, స్నానం చేశానని చెప్పి చెయ్యకపోవడం... ఇవన్నీ ఒకళ్లలోనే ఉండక్కర్లేదు, రెండు మూడు ఉండి ఆరునెలల కిందటికంటే ఇప్పుడు ఎక్కువైతే చూపించుకోవాల్సిందే.

గాజుల సంగతి. దాచింది గుర్తులేదు, వస్తువు కనపడట్లేదు, కాబట్టి ఎవరో తీశారు. ఆవిడ మనసుకి అది అబద్ధం కాదు. అల్జీమర్ అనే జర్మన్ డాక్టర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో చూసిన 51 ఏళ్ల ఆవిడకి కూడా మొదట కనిపించిన లక్షణం భర్త మీద అనుమానమే, తర్వాత మతిమరుపు, ఇంట్లో వస్తువులు అటూ ఇటూ మోసి దాచెయ్యడం. ఆయన 1906లో ఆ కేసు గురించి చెప్పాకే డిమెన్షియాలో ఒక రకానికి అల్జీమర్స్ అన్న పేరొచ్చింది. అంటే నూరేళ్ల పైనుంచీ డాక్టర్లకి తెలిసిన లక్షణం ఇది, మీ అత్తయ్యగారి గుణం చెడిపోయి కాదు. "నేను తియ్యలేదు, మీరే దాచారు" అని వాదించొద్దు, "అయ్యో గాజులా, పదండి వెతుకుదాం" అని కూడా వెళ్లండి. దొరికాక "చూశారా" అనకండి. ఆ పనమ్మాయికి కూడా కబురుపెట్టి విషయం చెప్పండి, ఆ మాట మోసుకుని తిరగాల్సిన అవసరం ఆ పిల్లకి లేదు.

ఇంక చెయ్యాల్సింది. ముందు ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి ఏం జరిగిందో రెండు ముక్కలు రాసుకోండి, "మతిమరుపు ఎక్కువైంది" అని కాదు, "ఉప్పు రెండుసార్లు వేశారు" అని. ఆవిడ వాడే మందులన్నీ, ఆయుర్వేదం, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా, ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇది ఎందుకంటే కొన్ని మందులే మతిని మందగింపజేస్తాయి: మత్తొచ్చే జలుబు మాత్రలు, నిద్రకని ఏళ్ల తరబడి వేసుకునే ఆల్ప్రాజోలం లాంటివి, నొప్పులకి రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడానికి వాడే కొన్ని మాత్రలు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, పరగడుపున గ్యాస్ మాత్ర ఏళ్లుగా వాడేవాళ్లకి, శాకాహారులకి బీ12 తగ్గుతుంది, బీ12 తగ్గితే మతిమరుపొస్తుంది. థైరాయిడ్ తగ్గినా, సోడియం తగ్గినా, డిప్రెషన్ ఉన్నా అచ్చం ఇలాగే ఉంటుంది. చెవుడు, కంటిలో శుక్లం ఉంటే కూడా మనిషి అయోమయంగా కనిపిస్తారు. కాబట్టి బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్, రక్తం, కిడ్నీ, లివర్ టెస్టులు, ఆ తర్వాత బ్రెయిన్ స్కాన్, ఇవి చెయ్యకుండా ఎవరైనా "అల్జీమర్స్" అని మాత్ర రాసేస్తే ఒప్పుకోకండి. మతిమరుపుతో పాటు కాళ్లు నేలకి అతుక్కున్నట్టు ఈడుస్తూ నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే మెదడులో నీరు చేరిందేమో చూడాలి, అది ఆపరేషన్‌తో చాలామందిలో మెరుగుపడుతుంది.

ఒక్కటి మాత్రం ఓపీ తేదీ కోసం ఆగకూడదు. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు మూడు రోజుల్లో తికమకపడటం, పగలంతా మగతగా ఉండి రాత్రి అరవడం, లేనివాళ్లు కనిపిస్తున్నారనడం మొదలైతే అది డిమెన్షియా కాకపోవచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, నిమోనియానో అయ్యుంటుంది, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బాత్రూంలో జారిపడి తలకి చిన్న దెబ్బే తగిలినా కొన్ని వారాల తర్వాత మెదడు మీద రక్తం గూడు కట్టి మతి తప్పొచ్చు, ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో మరీను.

ఆవిడ రానంటే? "మీకు మతిపోతోంది, డాక్టర్‌కి చూపిద్దాం" అంటే ఎవరొస్తారు చెప్పండి. బీపీ, షుగర్ చెకప్‌కని, మీరు కూడా చేయించుకుంటున్నట్టు తీసుకెళ్లండి, మీ నోట్‌బుక్ మాత్రం డాక్టర్‌కి విడిగా చూపించండి, ఆవిడ ముందు చదవద్దు. ఇంట్లో పిల్లలు సరదాకి "మామ్మా నా పేరేంటో చెప్పు" అని పరీక్షలు పెడుతుంటారు, ఆపించండి. నిజంగా అల్జీమర్సే అని తేలితే డొనెపెజిల్ లాంటి మందులున్నాయి, జబ్బు పోదు, కొంతమందిలో కొంతకాలం నిలకడగా ఉంచుతాయి. ఆవకాయ కూడా మానిపించకండి, పక్కన కూర్చుని ఒక్కొక్క గిన్నే అందించండి, కలిపే చెయ్యి ఆవిడదే ఉండనివ్వండి.

ప్రశ్న: నేను డాలస్‌ల ఉంట. మా బాపుకి 76, హెడ్మాస్టర్ చేసి రిటైర్ అయిండు, అమ్మా బాపు కరీంనగర్‌ల ఉంటరు. ఇంతకుముందు ఫోన్ చేస్తే పేపర్ల వార్తలన్నీ ఆయనే చెప్పేటోడు, ఇప్పుడు "మంచిగున్నవా, ఎప్పుడొస్తున్నవ్ రా" అని ఫోన్ అమ్మకిస్తడు. నేనేదన్న అడిగితే పక్కనుంచి అమ్మనే జవాబు చెప్తది. పోయిన నెల ఎవడో బ్యాంకు నుంచని ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పిండట, పైసలు పోయినయ్, అమ్మ నాకు చానా రోజుల దాక చెప్పలె. ఇక్కడికి తెచ్చుకోవాల్నా? భూమి కాగితాల సంగతి గూడ ఉంది, ఎట్ల అడగాల్నో తెలుస్తలేదు.

జవాబు: మీ అమ్మగారు పక్కనుంచి జవాబు చెప్తున్నారన్నారే, అదే మీకు దొరికిన మొదటి ఆధారం. భార్యాభర్తల్లో ఒకరికి తగ్గుతున్నకొద్దీ రెండోవాళ్లు తెలీకుండానే ఆ పని మీదేసుకుంటారు, మాట అందిస్తారు, తారీఖు గుర్తుచేస్తారు, మందులు చేతిలో పెడతారు, ఊళ్లో నలుగురిలో ఆయన పరువు పోకూడదని, దూరంగా ఉన్న మీరు బెంగపెట్టుకోకూడదని దాస్తారు. ఆమెను తప్పుపట్టకుండా విడిగా ఫోన్ చేసి మాట్లాడండి, "బాపుకి ఏమైంది" అని కాకుండా "నువ్వు లేకుండ బాపు ఒక పూట ఉండగలుగుతున్నడా అమ్మా" అని అడగండి, చాలా సంగతులు బయటికొస్తాయి. ఆవిడ ఎన్నింటికి లేస్తోంది, రాత్రి నిద్ర ఉందా, ఆవిడ బీపీ మందులు వేసుకుంటోందా అని కూడా కనుక్కోండి.

బాగా చదువుకున్నవాళ్లలో ఇంకో చిక్కుంది. వాళ్లకి మాటలు, పాత విషయాలు దండిగా ఉంటాయి కాబట్టి లోపల జబ్బు ముదిరినా పైకి కొంతకాలం కనపడదు. 1975లో స్కూల్లో జరిగింది పూసగుచ్చినట్టు చెప్పారంటే జ్ఞాపకశక్తి బాగున్నట్టు కాదు, పాతవి చివరిదాకా ఉంటాయి, ముందు పోయేది నిన్నటిది. పేపర్ చదవడం కొనసాగుతోందా, చదివింది మధ్యాహ్నానికి గుర్తుంటోందా అన్నది చూడాలి. ఓటీపీ చెప్పడం మామూలు మనుషులకీ జరుగుతోంది, ఒక్క దాన్నే పట్టుకుని ఏదీ తేల్చలేం, కానీ డబ్బు విషయంలో ఒకప్పుడు గట్టిగా ఉన్న మనిషి ఇప్పుడు తడబడుతుంటే అది తొలి లక్షణాల్లో ఒకటి. ఇంకోసారి ఇలా జరిగితే రోజులు ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమనండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. రోజువారీ ఖర్చుకి చిన్న అకౌంట్ ఒకటి ఆయన చేతిలో ఉంచి, పెన్షన్, డిపాజిట్లు అమ్మగారితో జాయింట్‌గా వేరే అకౌంట్‌లో పెట్టండి. డబ్బు పూర్తిగా లాగేసుకుంటే మాత్రం చాలా అవమానంగా ఫీలవుతారు, జేబులో నోట్లు ఉండాల్సిందే.

అమెరికాకి తేవడం గురించి తొందరపడొద్దంటాను. తెలిసిన ఇల్లు, తెలిసిన వీధి, పొద్దున వాకింగ్‌లో పలకరించే మనుషులు, వీటి ఆసరాతోనే ఆయన నెట్టుకొస్తుంటారు, మీ దగ్గర ఇంటి తలుపు తీస్తే ఏదీ తెలీదు, రాత్రిళ్లు లేచి బాత్రూం ఎక్కడో తెలీక కంగారుపడతారు. విజిటర్ ఇన్సూరెన్స్‌లు సాధారణంగా ముందునుంచీ ఉన్న జబ్బుల ఖర్చు ఇవ్వవు, అదీ చూసుకోండి. అమెరికాలో లెకానెమాబ్, డొనానెమాబ్ అనే రెండు అల్జీమర్స్ మందులకి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, మొదటిదానికి 2023లో, రెండోదానికి 2024లో, చాలామంది వీటికోసమే అడుగుతున్నారు. ఇవి అల్జీమర్స్ తొలి దశలోనే, మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందని టెస్టులో తేలితేనే ఇస్తారు, జబ్బు వేగం కొంత తగ్గిస్తాయి తప్ప పోయింది తిరిగి తేవు, మెదడు వాపు, రక్తస్రావం రిస్కు కూడా ఉంది. ముందు ఇక్కడే, మీరు ఈసారి సెలవుకి వచ్చినప్పుడు కాదు, ఈ నెలలోనే న్యూరాలజిస్ట్‌కి చూపించండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ జబ్బు మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది.

కాగితాల విషయం ఇంకా తొందరది. మన దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ పవర్ చెల్లదు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే ఆ మాట చెప్తుంది, తర్వాత హైకోర్టుకెళ్లి గార్డియన్‌షిప్, అంటే ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికారం, తెచ్చుకోవాలి. డిమెన్షియా అని పేరు పెట్టిన రోజునుంచే వీలునామా రాసే అర్హత పోదు, తను ఏం చేస్తున్నారో తెలిసినంతకాలం రాయొచ్చు, ఆ సమయానికి డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుని రిజిస్టర్ చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. ఎలా అడగాలన్నారు కదా, భూమి మాటతో మొదలుపెట్టకండి. "బాపూ, రేపు నీకో అమ్మకో ఒంట్ల బాలేకపోతే మేమేం చెయ్యాలె, నువ్వే చెప్పు, రాసుకుంట" అనండి. పిల్లలకి దారి చెప్పడం ఆయన వృత్తి కదా, ఆయనే చెప్తారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఆ రోజు కాల్‌లో ఉండాలి, ఒక్కళ్లు లేకపోయినా అనుమానాలొస్తాయి. అమ్మగారికి మాట్లాడే మనిషి కావాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉన్నాయి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, విశాఖలో టీచర్‌ని. గదిలోకి ఎందుకొచ్చానో మర్చిపోతున్నాను, పిల్లల పేర్లు తారుమారు చేస్తున్నాను. మా అమ్మ చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు, నాకూ అదే వస్తుందని భయంగా ఉంది, నిద్ర పట్టట్లేదు.

జవాబు: అమ్మగారిని అలా చూసిన వాళ్లెవరికైనా ఈ భయం వస్తుంది. మీరు రాసిన రెండూ మీ వయసులో చాలామందికి ఉంటాయి, మెనోపాజ్ టైంలో, నిద్ర తక్కువైనప్పుడు, బుర్రలో పది పనులు తిరుగుతున్నప్పుడు ఇంకా ఎక్కువ. మర్చిపోయానని మీకు తెలుస్తోంది, తర్వాత గుర్తొస్తోంది, పాఠం చెప్పడంలో, పేపర్లు దిద్దడంలో, ఇల్లు నడపడంలో తడబాటు లేదు, అయితే కంగారుపడాల్సింది కనపడట్లేదు. థైరాయిడ్, బీ12 చూపించుకోండి, నిద్ర పట్టకపోవడానికీ, బెంగకీ ట్రీట్‌మెంట్ తీసుకోండి, డిప్రెషన్ ఉంటే అది తగ్గగానే మతిమరుపు కూడా తగ్గుతుంది.

అమ్మకి వస్తే కూతురికి రావాలని లేదు. ముసలితనంలో వచ్చే రకంలో రిస్కు కొంత పెరుగుతుంది అంతే, తరతరాలుగా నేరుగా దిగేది చాలా అరుదు, అది సాధారణంగా 60 లోపే మొదలవుతుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకి 14 కారణాలు చెప్పింది, వాటిని సరిచూసుకుంటే దాదాపు 45 శాతం కేసుల్ని ఆపడమో వెనక్కి నెట్టడమో చెయ్యొచ్చని లెక్క కట్టింది, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ, మద్యం, వ్యాయామం లేకపోవడం, ఒంటరితనం, తలదెబ్బలు, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం అందులో ఉన్నాయి. వినికిడి తగ్గినా మిషన్ పెట్టుకోవడానికి మనవాళ్లు సిగ్గుపడతారు, దయచేసి పడకండి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూసి 2013లో వేసిన పరిశోధనలో, రెండు భాషలు వాడేవాళ్లకి ఒక్క భాషే వాడేవాళ్లకంటే సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైందని తేలింది, చదువు రానివాళ్లలో కూడా. తెలుగుతో పాటు హిందీయో ఉర్దూవో ఇంగ్లీషో రోజూ మాట్లాడుతున్న మనలో చాలామందికి ఇది మంచి కబురు. మెమరీ పౌడర్లు, బ్రెయిన్ టానిక్‌ల మీద మాత్రం డబ్బు పోసుకోకండి, ఆ డబ్బుతో మంచి వాకింగ్ షూస్ కొనుక్కోండి.

ప్రశ్న: మా బావగారికి 57, అనంతపురంలో బట్టల షాపు. చాలా మర్యాదస్తుడు. రెండేళ్లుగా మనిషి మారిపోయాడు, చావింట్లో నవ్వుతాడు, ఆడవాళ్ల ముందు ఏదిపడితే అది అంటాడు, రోజూ అరకిలో జిలేబీ తినందే ఊరుకోడు, ముక్కూమొహం తెలీనివాళ్లకి అప్పుమీద బట్టలిచ్చేస్తున్నాడు. అక్క జ్వరంతో పడుకున్నా పట్టించుకోలేదు. జ్ఞాపకశక్తి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. డిప్రెషన్ అని మందులిచ్చారు, తేడా లేదు. అక్క రోజూ ఏడుస్తోంది.

జవాబు: డిమెన్షియా అంటే మతిమరుపే అనుకుంటాం కాబట్టి ఇలాంటివాళ్లు ఏళ్ల తరబడి మొండివాడనీ, పొగరనీ, ఇంకెవరితోనో సంబంధం ఉందనీ మాటలు పడుతుంటారు. మెదడు ముందు భాగం, కణతల దగ్గరి భాగం దెబ్బతినే రకం ఒకటుంది, ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అంటారు, ఎక్కువగా 45కీ 65కీ మధ్య మొదలవుతుంది. ఇందులో మొదట పోయేది జ్ఞాపకం కాదు, సిగ్గూ బిడియం, ఎదుటివాళ్ల బాధ తెలియడం, ఎంత తినాలి ఎక్కడ ఆపాలి అన్న అదుపు. తీపి మీద పిచ్చిగా పడటం కూడా ఇందులో బాగా కనిపిస్తుంది. ఆయనకి తను మారినట్టు తెలీదు, అందుకే "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. మీరు రాసినదాన్ని బట్టి అదే అని చెప్పను, బైపోలార్ జబ్బు, మద్యం, థైరాయిడ్, మెదడులో గడ్డ, ఇవీ మనిషిని మార్చేస్తాయి. ఇప్పుడు చూసే సైకియాట్రిస్ట్‌తో పాటు న్యూరాలజిస్ట్‌కి చూపించి ఎంఆర్ఐ తీయించండి, తీయించేటప్పుడు రెండేళ్లుగా స్వభావం మారిందని రాయించండి, లేకపోతే మామూలు రిపోర్టులా చూసి పంపించేస్తారు. అల్జీమర్స్‌కి ఇచ్చే డొనెపెజిల్ దీనికి పనికిరాదు, కొందరిలో చిరాకు పెంచుతుంది, ఇది డాక్టర్‌తో మాట్లాడండి.

అక్కకి ఈ విషయం మీరే కూర్చోబెట్టి చెప్పండి. తన జ్వరం పట్టించుకోని మనిషి తన మీద ప్రేమ పోయిన మనిషి కాదు, ప్రేమని చూపించే మెదడు భాగం దెబ్బతిని ఉండొచ్చు అని తెలిస్తే ఆవిడ ఏడుపుకి కాస్తయినా ఊరట దొరుకుతుంది. షాపు సంగతి రేపే చూడండి: గుమస్తాకి చెప్పి అప్పు బేరాలన్నీ అక్క సంతకం మీదే జరగాలని పెట్టండి, చెక్‌బుక్ ఇంట్లో ఉంచండి, సరుకు వేసే హోల్‌సేల్ వాళ్లకి ఆయనకి ఒంట్లో బాలేదని ఫోన్ చేసి చెప్పండి. కార్, స్కూటర్ తాళాలు కూడా తీసి పెట్టండి, ఎందుకంటే ఇలాంటివాళ్లు రెడ్ లైట్‌కి కూడా ఆగరు.